అడకత్తెర

రైలు ప్రయాణమునకు మూట కట్టుకొనునపుడు మన పెద్దలు "ఏమేమి తీసికొని పోవలెను?" అని ఆలోచించెడివారు. నీళ్ళ మరచెంబు, పులిహోర పొట్లము, దుప్పటి, తలగడ, పెట్టెకు తాళముకప్ప, ఇవన్నియు చేరిన పిమ్మట గాని ఇంటి ఆడువారికి తృప్తి కలిగెడిది కాదు. విమాన ప్రయాణము వచ్చి ఆ ప్రశ్నను తలక్రిందులు చేసినది. ఇచ్చట మొదట వేసికొనవలసిన ప్రశ్న "ఏమేమి తీసికొని పోరాదు?" అన్నది. ఆ ప్రశ్నను మేము సకాలములో వేసికొననందున మా యింట ఒక వస్తువు పోయినది. దాని వెల కొలది రూపాయలే. కాని ఆ నష్టమునకు కారణము మా అజ్ఞానము కాదు, మా నిర్లక్ష్యము. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విద్యార్థి మిత్రులకు ఇది అక్కరలేని విషయమని తోచవచ్చును. కాని ఏటేటా మన కళాశాలలో చదివినవారు కొందరు గల్ఫు దేశములకు కొలువులకై పోవుచున్నారు. కొందరు పై చదువులకై సముద్రములు దాటుచున్నారు. 2023వ సంవత్సరమున గన్నవరము నుండియే తొలిసారిగా హజ్ విమానములు బయలుదేరినవి. ఇబ్రహీంపట్నము రింగు వద్ద హైదరాబాదు బస్సుకై నిలుచుటయే దూరప్రయాణమనుకొన్న మన యిండ్లలోని ముదుసలులు గూడ నేడు విమానము మెట్లెక్కుచున్నారు. వారి చేతిసంచి సర్దవలసిన బాధ్యత చదువుకొన్న మన మీదనే ఉన్నది.

2019 శీతాకాలమున మా అమ్మీని అజ్మీరు దర్గా జియారతుకు తీసికొని వెళ్ళుటకు మేము నిశ్చయించుకొన్నాము. అబ్బా బ్రతికియున్న దినములలో ఆమెకు ఇచ్చిన మాట అది. ఆయన తీర్చలేకపోయినారు. రైలులో రెండు రాత్రులు ఆమె నడుము ఓర్వదని, జైపూరు వరకు విమానములో పోయి అచ్చటి నుండి మోటారులో అజ్మీరు చేరవచ్చునని ఏర్పాటు చేశాము. అమ్మీకి అది మొదటి విమాన ప్రయాణము. బయలుదేరుటకు ముందు రాత్రి ఆమె తన పాన్‌దాన్ ముందు పెట్టుకొని కూర్చున్నది. అందులో తమలపాకులు, సున్నపు భరిణ, పోకచెక్కలు, వాటితోపాటు ఒక అడకత్తెర.

అడకత్తెరను ఉర్దూలో సరోతా అందురు. మా యింట రెండు పేర్లును చెల్లును. ఇత్తడి పిడులు, ఉక్కు అంచు గల ఆ సరోతా అమ్మీ పెండ్లినాడు మా నానీ కొండపల్లి నుండి ఆమె చేతిలో పెట్టి పంపినది. ఏబది ఏండ్ల వాడుకలో ఒక పిడిమీద అమ్మీ బొటనవ్రేలు ఆను చోట చిన్న పల్లము ఏర్పడినది. వీధిలోనికి సాన పట్టువాడు వచ్చినప్పుడెల్ల దానికి పదును పెట్టించెడిది. మేము బడికి పోవు దినములలో తెల్లవారుజామున మమ్ము లేపినది కోడికూత కాదు, ఆ సరోతా టక్కుమను చప్పుడు.

ఆ రాత్రి అమ్మీ దానిని చేతబట్టుకొని, "బేటా, దీనిని తీసికొని పోవచ్చునా? ఎవరినైనా అడిగి చూడు" అన్నది. మేము పరీక్షపత్రములు దిద్దుకొనుచు తలయెత్తకుండగనే, "దానికి అడుగవలసినదేమున్నది అమ్మీ, పెట్టుకో" అన్నాము. మా జేబులో మడతపెట్టియున్న టిక్కెట్టు కాగితము రెండవ పుటలో చాకు, కత్తెర, బ్లేడు మొదలగువాని బొమ్మలు గీచి వానిమీద ఎఱ్ఱని అడ్డుగీతలు గీచియున్నవి. ఆ పుట మేము త్రిప్పలేదు. "ప్రశ్నపత్రము రెండు మారులు చదివిన పిమ్మటనే కలము తీయుడు" అని ఏటేటా పరీక్షల ముందు విద్యార్థులకు చెప్పు ఉపన్యాసకులము మేము!

మరునాడు మహానగరపు విమానాశ్రయమున పెద్ద పెట్టెను ముందుగానే అప్పగించాము. అది విమానపు అడుగుభాగమునకు తరలిపోయినది. మమ్ము దిగబెట్టిన మేనల్లుడు వెనుకకు మరలినాడు. భద్రతా తనిఖీ చోట అమ్మీ పాన్‌దాన్ ఉన్న సంచి ఎక్స్‌రే యంత్రములోనికి పోయి, వెంటనే ప్రక్కత్రోవకు మళ్ళినది. అచ్చటి ఉద్యోగిని, ఇరువదియైదేండ్లు మించని యువతి, సంచి తెరచి సరోతా బయటకు తీసి, ఇది లోనికి పోరాదని హిందీలో చెప్పినది. వెనుకకు వెళ్ళి పెద్ద సామానులో వేసికొనవచ్చును, లేదా సాగనంప వచ్చినవారికి ఇచ్చి రావచ్చును అన్నది. పెట్టె పోయినది, మేనల్లుడు పోయినాడు, విమానమెక్కుటకు పిలుపు వినవచ్చుచున్నది. అడకత్తెరలో పోకచెక్క అను సామెతను తరగతిలో ఎన్నో మారులు వివరించాము. దాని భావము ఆనాడు గాని మాకు సంపూర్ణముగా బోధపడలేదు.

నిజము దాచక వ్రాయుచున్నాము. ఆ క్షణమున మా మనస్సులో మొదట మెదలినది నియమము కాదు, అవమానము. మా బోర్డింగు పాసుమీద మా పేరు ఉన్నది, అమ్మీ తలమీద దుపట్టా ఉన్నది. "అందుకే ఆపినారు" అని లోపల ఒక మాట బుసకొట్టినది. లోకములో అట్టి చూపులు లేవని మేము చెప్పజాలము. ఎదుర్కొన్నవారు మనలో ఉన్నారు. కాని ఆనాడు మా ప్రక్క ట్రే ముందు నుదుట కుంకుమ ధరించిన వృద్ధుడొకడు నిలిచియున్నాడు. బెజవాడ దుర్గమ్మ కొండ మీది నుండి జైపూరులోని కూతురింటికి కొబ్బరికాయ ప్రసాదము తీసికొని పోవుచున్నాడట. దానిని గూడ ఆపినారు. ఆయన ఆ కాయను ఒకసారి కన్నుల కద్దుకొని బల్లమీద పెట్టినాడు. ఆయనయు మా అమ్మీయు ఒకరినొకరు చూచుకొన్నారు. మా లోపలి బుస అంతటితో అణగినది. గాయము తగులకముందే కట్టు కట్టుకొని బయలుదేరిన మాకు సిగ్గు కలిగినది.

అమ్మీ సరోతాను మరల చేతిలోనికి తీసికొన్నది. దుపట్టా చెంగుతో అంచు తుడిచినది. నోరు మూసి, పిడులు తనవైపు కాక ఆ పిల్ల వైపునకు త్రిప్పి అందించుచు, "సంభాల్కే బేటీ, ధార్ తేజ్ హై" అన్నది. జాగ్రత్త తల్లీ, పదునుగా నున్నది అని. ఆ పిల్ల ఒక క్షణము ఆగి, రెండు చేతులతో అందుకొని పెట్టెలో పెట్టినది. రెండు గంటల ప్రయాణములో అమ్మీ పాన్‌దాన్ మూత తీయలేదు. మమ్ము ఒక్క మాటయు అనలేదు. తిరిగి వచ్చిన పిమ్మట పొరుగింటి ఆమె "సరోతా ఏదమ్మా?" అని అడిగినపుడు, "ఎక్కడో మరచి వచ్చితిని" అన్నది. కొడుకు తప్పును తన మతిమరుపు క్రింద దాచినది. ఆమె కోపగించుకొనియుండిన మాకు ఇంత బాధ కలిగియుండెడిది కాదు.

విజయవాడ వన్‌టౌనులోని కాళేశ్వరరావు మార్కెట్టు ప్రాంతమున క్రొత్త సరోతా కొని తెచ్చాము. "కోత బాగుగనే ఉన్నది" అన్నది అమ్మీ. కాని పోక కత్తిరించు నపుడు ఆమె బొటనవ్రేలు అచ్చట లేని పల్లమును వెదకుట మేము అనేక మారులు చూచినాము.

నిరుడు అమ్మీ మా అక్క, బావగార్లతో ఉమ్రాకు బయలుదేరినది. ఈమారు ముందు రాత్రి ఏ పత్రములును దిద్దలేదు. నిషిద్ధ వస్తువుల పట్టిక ముందు పెట్టుకొని, ఒక్కొక్కటి తెలుగులో చదివి వినిపించాము. అమ్మీ తలయూపి ఊరుకొనలేదు. ప్రతిదానికి "ఎందుకు?" అని అడిగినది. ఆమె అడుగునని తెలిసి మేము ముందుగానే తెలిసికొని యుంటిమి.

పదునైనవి ఎందుకు కూడదో ఆమె అడుగలేదు. మా ఐదేండ్ల కుమారుడు ఆడుకొను ప్లాస్టిక్ తుపాకీ పట్టికలో ఉండుట చూచి, "బొమ్మ కూడానా? మన కొండపల్లి ఏనుగుబొమ్మను గూడ వద్దందురా?" అన్నది. ఏనుగుబొమ్మకు అడ్డులేదు, తుపాకీ బొమ్మకే అడ్డు అని చెప్పాము. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరు నుండి జమ్ముకు పోవు "గంగా" అను ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును ఇద్దరు యువకులు లాహోరునకు మళ్ళించినారు. ప్రయాణికులను వదలిపెట్టిరి గాని విమానమును తగులబెట్టిరి. వారి చేతిలోని పిస్తోలును, గ్రెనేడును ఉత్తుత్తివని తరువాత తేలినది. ఆకాశములో భయపడువానికి నిజమైన తుపాకీకి, బొమ్మ తుపాకీకి భేదము తెలియదు.

మన దేశపు తనిఖీలన్నియు ఇట్లు ఒక్కొక్క దుర్ఘటన వెనుక ఒక్కొక్కటిగా వచ్చినవే. 1976 సెప్టెంబరులో మరియొక విమానము లాహోరునకు మళ్ళింపబడిన మీదట పాండే సంఘము చేసిన సిఫారసుతో 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతకు ఒక విభాగము ఏర్పడినది. 1987 ఏప్రిల్ 1 నుండి అది స్వతంత్ర శాఖ అయినది. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి ఢిల్లీకి రావలసిన విమానమును కాందహారునకు తీసికొని పోయిన సంగతి పెద్దలందరికి జ్ఞాపకమున్నది. ఆ పిమ్మట విమానాశ్రయముల కావలి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింపబడినది. 2000 ఫిబ్రవరిలో ఆ మార్పు మొదట జరిగినది జైపూరులోనే, అనగా ఆనాడు సరోతా లేని పాన్‌దానుతో అమ్మీ దిగిన ఊరిలోనే.

"నీళ్ళకు గూడ లెక్కయేనా?" అన్నది తరువాతి ప్రశ్న. 2006 ఆగస్టు 10న లండనులో ఒక కుట్ర బయటపడినది. పానీయపు సీసాలలో ద్రవరూపమైన ప్రేలుడు పదార్థములను విమానములోనికి చేర్చవలెనని వారి పన్నాగము. అప్పటి నుండి అంతర్జాతీయ ప్రయాణములలో చేతిసంచిలోని ద్రవములు ఒక్కొక్క సీసా నూరు మిల్లీలీటర్లు మించరాదని, అవన్నియు ఒక లీటరు పట్టు పారదర్శకపు సంచిలో ఉండవలెనని నియమము వచ్చినది. నూనె తేలు ఆవకాయయు ఈ లెక్కలోనికే వచ్చును. కొన్ని విమానాశ్రయములలో క్రొత్త యంత్రములు వచ్చి ఈ కట్టు సడలుచున్నది గాని, మనము పోవుచోట ఏమున్నదో కనుగొనియే పోవలెను. అమ్మీ తన చిన్న అత్తరు బుడ్డి ఆ కొలతకు లోబడియున్నదని తెలిసి తృప్తిపడినది.

ఎండుకొబ్బరి సంగతి మన కోస్తా జిల్లాలవారికి వింతగా తోచును. నూనె నిండిన ఎండుకొబ్బరి తనంత తాను వేడెక్కి రగులుకొను స్వభావము గలది. అందుచేత విమాన రవాణా నియమములు దానిని అపాయకర వస్తువులలో చేర్చినవి. మిఠాయి కొరకని తీసియుంచిన రెండు చిప్పలను అమ్మీ మారుమాటాడక వంటింటికి పంపినది. ఫోనునకు శక్తి నిచ్చు పవర్ బ్యాంకు మాట దీనికి వ్యతిరేకము. అది పెద్ద పెట్టెలో ఉండరాదు, చేతిసంచిలోనే ఉండవలెను. దానిలోని లిథియము బ్యాటరీ రగిలినచో మనుష్యుల నడుమ వెంటనే కనిపించును, ఆర్పవచ్చును. అడుగుభాగమున రగిలినచో కనుగొనువారెవరు? 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయమున బయలుదేరుటకు సిద్ధముగా నున్న ఎయిర్ బుసాన్ విమానములో నిప్పంటుకొన్నది. పవర్ బ్యాంకు లోపమే దానికి కారణమై యుండవచ్చునని విచారణలో తెలిపినారు. విమానము నేలమీదనే యుండుటచేత అందరు ప్రాణములతో బయటపడినారు. సాధారణముగా నూరు వాట్ అవర్ల వరకు, అనగా సుమారు 27,000 మిల్లీయాంపియర్ అవర్ల వరకు, అనుమతి ఉన్నది. దానిమీద ముద్రించిన అంకెను చూచుకొనుట విద్యార్థులకు కష్టము కాదు.

మసాలా పొట్లము విప్పించినపుడు అమ్మీ ఆశ్చర్యపడినది. అందులో గసగసాలున్నవి. మన కుర్మాకు అవి లేనిదే రుచి లేదు. కాని నల్లమందు మొక్కకు సంబంధించిన గింజలగుటచేత సౌదీ అరేబియా, ఎమిరేట్లు మొదలగు దేశములు వానిని నిషేధించినవి. ఇది భద్రతా తనిఖీలో వస్తువు పోవుటతో ముగియు వ్యవహారము కాదు, ఆ దేశపు శాసనము ప్రకారము నేరము. గల్ఫుకు పోవు మన యువకుల సంచులలో తల్లులు ప్రేమతో పెట్టు మసాలా పొట్లమును ఒక్కసారి విప్పి చూడవలెను.

ఇంతలో వీధిలోని ఒక ఆమె జిద్దాలోనున్న తన కుమారునికి ఇమ్మని కుట్టిన మూట ఒకటి తెచ్చినది. అమ్మీ కాదనలేక మా వంక చూచినది. అప్పుడు 1985 జూన్ 23 సంగతి చెప్పాము. ఐర్లండు తీరమునకు చేరువలో ఎయిర్ ఇండియా వారి "కనిష్క" విమానము గాలిలో ప్రేలి 329 మంది మరణించినారు. బాంబున్న పెట్టె సామానుతో ఎక్కినది, దాని యజమాని మాత్రము ఎక్కలేదు. మనిషి లేని పెట్టె విమానములో ఉండరాదనియు, తాను సర్దని మూటను మోయరాదనియు ఇంత కట్టుదిట్టము అందుకే. ఆమె నొచ్చుకొనలేదు. అచ్చటనే కూర్చుండి కుట్టు విప్పి, లోని బట్టలను ఒక్కొక్కటిగా మాకు చూపినది. అమ్మీ తన చేతులతో వానిని మరల సర్దినది.

ఈ నియమములలో మార్పునకు చోటు లేదని తలపరాదు. సిక్కు సోదరులు మన దేశములోపలి విమానములలో కృపాణమును ధరింపవచ్చును. దాని అలుగు ఆరు అంగుళములు, మొత్తము తొమ్మిది అంగుళములు మించరాదని కొలతతో సహా వ్రాసియున్నది. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను తనిఖీ చేయించుకొని చేతనే తీసికొనిపోవుటకు 2025 జనవరి 20 వరకు అనుమతి లభించినది. ఆ వార్త చదివిననాడు మాకు కుంకుమబొట్టు పెట్టుకొన్న ఆ వృద్ధుడు జ్ఞాపకమునకు వచ్చినాడు. వ్రాతలో ఉన్న నియమమును చదువవచ్చును, ప్రశ్నింపవచ్చును, మార్పు కోరవచ్చును. అందరికి ఒక్క తీరున అమలు జరిగినపుడు అందులో అవమానము లేదు. పేరు చూచి మరియొక తీరున జరిగినచో దానిని ఎత్తిచూపుటకు గూడ ఆ వ్రాతయే మనకు ఆధారము. చదువనివానికి ఈ రెండును లేవు. వానికి మిగులునది కోపము, అనుమానము మాత్రమే. ఆనాడు క్షణకాలము మాకు మిగిలినది అదే.

మన మతమున అమానత్ అను మాట ఉన్నది. ఒకరు నమ్మి మనకు అప్పగించినదానిని చెడకుండ కాపాడుట అమానత్. విమానములో మన ప్రక్కన కూర్చున్న అపరిచితుడు తన ప్రాణమును మన సంచికి అప్పగించియున్నాడు. మన ప్రాణమును అతని సంచికి అప్పగించియున్నాము. గేటు వద్ద మనము విడిచిపెట్టు చిన్న వస్తువు ఆ ఒప్పందమునకు మనము చెల్లించు రుసుము. అయితే దానిని తల్లి చేత చెల్లింపజేయక, ఇంటివద్దనే తీసి బీరువాలో పెట్టుట చదువుకొన్న కొడుకు పని.

పట్టిక పూర్తియైన పిమ్మట అమ్మీ పాన్‌దానును తానే తీసికొని పోయి అలమారులో పెట్టినది. "అల్లా ఇంటికి పోవుచు ఇదెందుకు" అన్నది. తరువాత మరల వచ్చి కూర్చుండి, "వచ్చునపుడు జమ్‌జమ్ నీళ్ళు ఎట్లు తేవలెను?" అని అడిగినది. మూటలలో దాచి తేరాదు, దాని కొరకు ప్రత్యేకముగా మూసి ఇచ్చు ఐదు లీటర్ల డబ్బాగానే తేవలెను అని చెప్పాము. ఆమె ఐదు వ్రేళ్ళు చూపి, ఎవరెవరికి ఎంతెంత పంచవలెనో లెక్క వేసికొన్నది. పిమ్మట కళ్ళజోడు సవరించుకొని, "బేటా, ఆ కాగితము మొదటి నుండి ఇంకొకసారి చదువు" అన్నది.

మేము మరల మొదటి నుండి చదివాము.